గోడకు మేకు కొట్టొద్దంటే ఎట్లా?

హైదరాబాదులో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరమ్మ నోటి నుంచి వచ్చే మొదటి మాట అద్దె ఎంతో కాదు, అడ్వాన్సు ఎంతో కాదు. "గోడలకు మేకులు కొట్టగూడదండీ." మిగతావన్నీ ఆ తర్వాతే. పన్నెండేళ్లలో మేం ఆరు ఇళ్లు మారాం. ఎస్సార్ నగర్, మోతీనగర్, కూకట్‌పల్లిలో రెండు, మియాపూర్, ఇప్పుడు నిజాంపేట. ఐదిళ్ల వాళ్లు నోటితో చెప్పారు. ఆరో ఆయన చెప్పలేదు, అగ్రిమెంటులో టైపు చేయించాడు. నాలుగో నంబరు షరతు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది ఏడో నంబరు.

చిన్న విషయమే కదా, దీనికింత రాతా అంటారేమో. చిన్నది కాదు. పద్దెనిమిది వేలు నెల నెలా ఒకటో తారీఖున చేతిలో పెట్టి, నా ఇంట్లో నా గోడకు నా క్యాలెండరు తగిలించుకోలేకపోతే నేను అద్దెకు తీసుకున్నదేమిటి? నేల మాత్రమేనా? గోడ ఓనరుదీ, నేల నాదీ అయితే అద్దె కూడా సగమే తీసుకోవాలి మరి.

మాది రుద్రవరం. ఆళ్లగడ్డకు అవతల, నల్లమల అంచున ఉంటుంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. మా అమ్మ వాళ్లది పాత మట్టి మిద్దె. ఆ ఇంటి గోడలకు పుట్టుకతోనే కన్నాలుండేవి. వాటిని గూళ్లనేవాళ్లం. దీపం గూడు వేరు, అద్దం దువ్వెన గూడు వేరు, తాత చుట్టల గూడు వేరు. వాకిలి పక్కన రెండు చిలక్కొయ్యలు. ఒకదానికి నాన్న తువ్వాలు, ఇంకోదానికి గొడుగు. దూలానికి ఉట్టి, మూలన అటక. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి చదువు లేదు. కానీ లోపల మనుషులుంటారనీ, మనుషులకు సామాన్లుంటాయనీ, సామాన్లకు చోటు కావాలనీ ఆయనకు తెలుసు. ఈ సిటీలో ఇంజనీర్లు గీసిన ప్లానుకు అది తెలీదు. నాలుగు నున్నటి గోడలు, ఒక లాఫ్టు, వంటింట్లో నల్ల గ్రానైటు గట్టు. అంతే. మిగతాది నువ్వు కొనుక్కో, కానీ నా గోడ ముట్టుకోకు.

అద్దె కోసం కట్టిన ఇల్లంటే అది. అందులో ఎవరో కాపురం ఉంటారన్న సంగతిని ఒక ఇబ్బందిలాగా చూసి కట్టిన ఇల్లు.

మూడేళ్ల కింద మా మామ పోయాడు. ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఊరి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. పోయినవాళ్ల ఫోటో గోడ మీద, మనం తలెత్తి చూసే ఎత్తులో ఉండాలి కదా. దండ వేయాలి, పండక్కి బొట్టు పెట్టాలి. ఓనరును అడిగితే "టేబుల్ మీద పెట్టుకోండమ్మా, ఈ రోజుల్లో అందరూ అట్లే పెట్టుకుంటున్నారు" అన్నాడు. టేబుల్ మీద పెడితే మా చిన్నోడు బంతి తగిలిస్తాడు. చివరికి బీరువా మీద పెట్టాం. దసరాకు మా అత్త వచ్చింది. లోపలికొచ్చి, బీరువా వైపు చూసి, "ఏమ్మే, మీ మామను సూట్‌కేసుల పక్కన కూసోబెట్టినారే?" అంది. కోపంగా కాదు. మామూలుగానే అంది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

స్టిక్కర్ హుక్కులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ప్యాకెట్టు నూటయాభై, రెండొందలు. అర్ధరాత్రి ఢామ్మని కింద పడి ఇంటిల్లిపాదినీ లేపుతాయి. పడకపోతే ఇంకా కష్టం. ఖాళీ చేసేటప్పుడు పీకితే అరచేయంత పెయింటు పెచ్చుతో సహా ఊడొస్తుంది. మేకు చేసే కన్నం కందిగింజంత. కాస్త తెల్ల సిమెంటు కలిపి వేలితో పూస్తే కనబడదు. ఏది గోడకు ఎక్కువ చెరుపు? ఈ లెక్క ఏ ఓనరుకూ తెలీక కాదు. మేకు అంటే "ఇక్కడ నేను ఉంటున్నా" అని గుర్తు పెట్టడం. ఆ గుర్తే వాళ్లకు పడదు.

సరే, మేకు దాకా రావాలంటే ముందు ఇల్లు దొరకాలి కదా. ఇల్లు వెతకడం మగవాళ్ల పని అంటారు మన ఇళ్లల్లో. బోర్డు చూసి ఫోన్ చేసేది వాళ్లే, అద్దె మాట్లాడేదీ వాళ్లే. పరీక్ష మాత్రం మనకే. మా ఆయన్ను ఏ ఓనరైనా అడిగేది ఒకటే ప్రశ్న, ఎక్కడ పని చేస్తారని. నన్ను అడిగేవి వినండి. మీరేమిట్లండీ? నాన్‌వెజ్ వారానికి ఎన్నిసార్లు? పిల్లలెంతమంది, గోడల మీద గీస్తారా? మీ అత్తామామలు వచ్చి ఉంటారా, ఎన్ని రోజులు? పొద్దున ఎన్నింటికి లేస్తారు, మోటారు ఆరింటికే కట్టేస్తాం. బట్టలు ముందు బాల్కనీలో ఆరేయగూడదు. వాకిట్లో ముగ్గు రోజూ మీరే వేయాలి. వెనకటికి పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదు నన్ను!

రాయలసీమ వాళ్లమని తెలిస్తే ఇంకో ప్రశ్న, ఒక నవ్వుతో కలిపి. "మీ సైడు గొడవలెక్కువ కదండీ?" సినిమాలు చేసిన పుణ్యం. మా ఊళ్లో తెల్లారి లేస్తే వరిమళ్లు, తెలుగుగంగ కాలువ, గొర్రెలు, బడికి పోయే పిల్లలు. సుమోలు గాల్లోకి లేవడం నేనైతే ఎప్పుడూ చూళ్లేదు. ఒకసారి ఆ ప్రశ్నకు మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఆ ఇల్లు మాకు రాలేదు. నష్టమేం లేదు.

నేనెంతో కొంత నయం. నా పక్కన మొగుడున్నాడు, ఇద్దరు పిల్లలున్నారు, "ఫ్యామిలీ" అనే ముద్ర ఉంది. నంద్యాల నుంచి వచ్చిన నా స్నేహితురాలు ముస్లిం. వాళ్లాయనది మంచి ఉద్యోగం. ఫోన్లో ఖాళీ ఉంది రండి అన్న ఇల్లు, పేరు చెప్పగానే "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు" అయిపోతుంది. వారం తర్వాత అటు వెళ్తే టులెట్ బోర్డు అట్లాగే వేలాడుతుంటుంది. ఇద్దరం కలిసి చూశాం ఆ బోర్డు. ఆమెకు ఆశ్చర్యం లేదు, నాకే సిగ్గేసింది.

ఇక మా చిన్నాన్న కూతురి సంగతి. దాని మొగుడు తాగి కొడితే బయటికొచ్చేసింది. ఏడేళ్ల పాప. బట్టల షాపులో క్యాషియరు ఉద్యోగం, నెలకు పంతొమ్మిది వేలు. సింగిల్ బెడ్‌రూమ్ కోసం తిరిగాం, దానికి తోడు నేనూ వెళ్లాను. పదకొండు ఇళ్లు. పదకొండు చోట్లా ఒకటే ప్రశ్న, "మీ వారేం చేస్తారు?" ఊళ్లో ఉన్నాడని చెప్పు అన్నాను మొదట్లో. అది అబద్ధం చెప్పనంది. చెప్పనవసరం కూడా లేదు నిజానికి. అద్దె కట్టేది అది, జీతం చీటీ చూపిస్తోంది, రెండు నెలల అడ్వాన్సు చేతిలో పట్టుకుని నిలబడింది. ఒక ఓనరమ్మ, యాభై దాటిన మనిషి, లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి మరీ చెప్పింది. "నాకేం అభ్యంతరం లేదమ్మా, కింద ఫ్లోరు వాళ్లు ఏమన్నా అనుకుంటారని." మంచినీళ్లు ఇచ్చి కాదన్నందుకు సంతోషించాలా? మగవాళ్లు కాదంటే అర్థం చేసుకోవచ్చు. అరవై ఏళ్లు ఎవరో ఒకరి ఇంట్లో "సర్దుకుని" బతికిన ఆడవాళ్లు, ఇవాళ తాళంచెవి చేతికొచ్చాక, ఇంకో ఆడదాన్ని గుమ్మం బయట నిలబెట్టి మొగుడి లెక్క అడగడం నాకు అర్థం కాదు.

2005లో వచ్చిన గృహహింస చట్టం సొంత ఇల్లయినా అద్దె ఇల్లయినా, అగ్రిమెంటు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఇచ్చింది. వేరే ఇల్లు చూపించమనో, దాని అద్దె కట్టమనో మొగుడికి చెప్పే అధికారం కూడా కోర్టుకు ఇచ్చింది. చాలా మంచి చట్టం. కానీ అద్దె కట్టమని కోర్టు చెప్పినా, అద్దెకిచ్చేవాళ్లుండాలి కదా. గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు.

చట్టాల మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. తెలంగాణలో అద్దె ఇళ్ల మీద 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. 2005లో దానికో సవరణ చేశారు. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇంటికి ఆ చట్టం వర్తించదు. ఇవాళ హైదరాబాదులో మూడున్నర వేలకు ఏమొస్తుందో మీకు తెలుసు. రేకుల గది కూడా అనుమానమే. అంటే చట్టం ఉంది, దాని కిందికొచ్చే ఇళ్లే లేవు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టమని ఒకటి ఆమోదించింది. కాపురాల ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించగూడదు. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఓనరు లోపలికి రావాలంటే ఒక రోజు ముందు కబురు చేయాలి. నీళ్లు, కరెంటు ఆపగూడదు. ఇవన్నీ అందులో ఉన్నాయి. కానీ పేరులోనే ఉంది కదా, నమూనా. రాష్ట్రాలు తమ అసెంబ్లీల్లో చట్టం చేసుకుంటేనే అమలు. ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని ఆ దారిలో సవరించుకుంది. మన సొంతూళ్లో ఉన్న రక్షణ మనం బతకడానికొచ్చిన ఊళ్లో లేదు, అదీ తమాషా.

వీటన్నిటికంటే పాతది ఒకటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ఏమంటుందంటే, అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, తరుగుదల వాళ్ల లెక్కలోకి రాదు. మనుషులుంటే గోడ మాస్తుందని తెల్లదొరల కాలం నాటి చట్టానికి కూడా తెలుసు. కాకపోతే ఒక మెలిక. ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతేనే ఆ సెక్షన్ పనికొస్తుంది. మన ఓనర్లు రాయించుకునేది సరిగ్గా ఆ వేరే విధమే. "ఖాళీ చేయునపుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును." మనవాళ్లు చదవకుండా సంతకం పెడతారు. పదకొండు నెలల కాగితం కాబట్టి రిజిస్ట్రేషను ఉండదు, ఎవరూ తీరిగ్గా చదివే అవసరమూ ఉండదు.

ఆ పెయింటింగ్ లెక్క ఒకసారి వేశాను, పాత డైరీ తీసి. ఖాళీ చేసిన ఐదిళ్లలో నెల అద్దెలు వరసగా ఎనిమిది వేలు, తొమ్మిదిన్నర, పన్నెండు, పద్నాలుగు, పదిహేను. మొత్తం 58,500 రూపాయలు గోడల సున్నానికే పోయింది. సరే, రంగు వేశారనుకుందాం. మియాపూర్ ఇంట్లో తలుపు వెనక మా పెద్దోడి ఎత్తు ప్రతి పుట్టినరోజుకీ పెన్సిలుతో గీసేదాన్ని. మా తర్వాత దిగినామె నాకు ఫోన్లో పరిచయం, గ్యాసు పుస్తకం ఏదో అక్కడికి వస్తే మాట్లాడింది. "అక్కా, మీ బాబు గీతలు తలుపు వెనక అట్లాగే ఉన్నాయి, మా పాపవి పక్కన గీస్తున్నా" అంది. నాకు ముచ్చటేసింది, ఒళ్లు మండింది కూడా. పదిహేను వేలు కట్టించుకుని బ్రష్షు కూడా ముంచలేదు ఆ మహానుభావుడు!

ఓనర్ల వైపు న్యాయం లేదా అంటే ఉంది. మా అత్తకు ఆళ్లగడ్డలో రెండు గదుల ఇల్లుంది, అద్దెకిచ్చింది. ఆమె చేతిఖర్చు ఆ అద్దే. ఒకసారి దిగినవాళ్లు ఆరు నెలలు అద్దె ఎగ్గొట్టి, కరెంటు బిల్లు మిగిల్చి, రాత్రికి రాత్రి పోయారు. ఆమె భయం నాకు తెలుసు. ముసలివాళ్లు, మొగుడు పోయినవాళ్లు, పింఛను లేనివాళ్లు ఎంతమందో అద్దె మీద బతుకుతున్నారు. ఇంటి లోను కంతు కట్టుకుంటున్న ఉద్యోగస్తులున్నారు. అద్దె టయానికి రావాలి, ఇల్లు పాడుచేయగూడదు అని వాళ్లు అడగడం న్యాయం. కానీ మా అత్త ఇంట్లో గోడకు మేకులున్నాయి. దిగినవాళ్ల దేవుళ్లు, దిగినవాళ్ల ముసలివాళ్లు ఆ గోడకే వేలాడారు. పోయేటప్పుడు మేకులు వదిలేసి పోతే, "వచ్చేవాళ్లకు పనికొస్తాయిలే" అంటుంది. అద్దె ఎగ్గొట్టినవాడికీ మేకుకూ సంబంధం లేదు. ఎగ్గొట్టినవాడి కులానికీ, కూరకూ సంబంధం లేదు. అడగాల్సింది అద్దె కట్టగలవా అని. దాన్ని వదిలేసి కోడికూర వండుతావా అని అడిగితే అది జాగ్రత్త కాదు, పెత్తనం. హెచ్ఆర్ఏ కోసం రశీదు ఇవ్వండి, ఏడాదికి లక్ష దాటింది కాబట్టి మీ పాన్ నంబరు రాయండి అంటే మాత్రం మొహం అటు తిప్పుకుంటారు. మన వంటింటి వివరాలన్నీ వాళ్లకు కావాలి, వాళ్ల పాన్ కార్డు మాత్రం మనకు రహస్యం.

ఇప్పుడు ఈ కోపంలో సగం ఇంకోవైపు తిప్పాలి. ఫోన్ తెరిస్తే చాలు, "ఐదు వేలల్లో మీ అద్దె ఇంటిని మార్చేయండి" అని వీడియోలు. చూస్తాను, నాకూ ఇష్టమే. ఇల్లు అందంగా ఉండాలని ఎవరికుండదు? కానీ ఆ వీడియోలో అమ్మాయికి మేకు కొట్టుకునే స్వేచ్ఛ ఉంటుంది, కిటికీలోంచి ఎండ వస్తుంది, పక్క బిల్డింగు గోడ నాలుగడుగుల దూరంలో ఉండదు. ఐదు వేల లెక్కలో సోఫా, పరుపు, ఫ్రిజ్ ఉండవు, అవి ముందే ఉన్నాయన్నమాట. మనం ఆ అట్టపెట్టె సామాను తెప్పించుకుంటాం. తెల్ల టేబులు, ప్లాస్టిక్ తీగలు, బంగారు రంగు అద్దం.

చవక అనేది మొదటి ధర చూసి చెప్పగూడదు. ఎన్ని ఇళ్లు మారినా నిలబడుతుందా అని చూడాలి. రంపపొట్టు నొక్కి చేసిన బోర్డు బల్ల నాలుగు వేలు. విప్పి బిగిస్తే మొదటి మార్పుకు ఊగుతుంది, రెండో మార్పుకు మర చెక్కలో పట్టదు. వంటింటి పక్కన పెడితే నీళ్లు తగిలి అంచు అప్పడంలా ఉబ్బుతుంది. ఆరేళ్లలో మూడు కొంటే పన్నెండు వేలు. అదే డబ్బుకు పాత చెక్క బల్ల వస్తుంది, ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపిగ్గా తిరిగితే ఇంకా తక్కువకే. కాళ్ల కింద తట్టి చూడండి, పురుగు పొడి రాలకపోతే కొనేయండి. ఎంత వెక్కిరించినా నా ఇనుప బీరువా ఆరు ఇళ్లు మారింది. దాని పచ్చ రంగు ఏ వీడియోకూ పనికిరాదు. తలుపు మాత్రం ఇప్పటికీ మొదటి రోజులాగే పడుతుంది.

2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా వాళ్లు దేశంలో మొదటి షాపు తెరిచినప్పుడు ఊరు ఊరంతా వెళ్లింది, మేమూ వెళ్లాం. రెండొందల లోపు వస్తువులే వెయ్యి రకాలున్నాయని పేపర్లలో రాశారు. చిన్న ఇంట్లో గది ఎట్లా సర్దుకోవచ్చో అక్కడ చూసి నేర్చుకోవచ్చు, అందుకు టికెట్టు కూడా లేదు. కానీ ఆ జనంలో తిరుగుతుంటే నాకనిపించింది ఒకటే. ఈ వెదురు బుట్ట కోసం ఇంత దూరం రావాలా? నల్లమల పక్కన పుట్టినదాన్ని. మా ఊరి వైపు మేదరి వాళ్లు అల్లే బుట్టలు, చేటలు, తడికెలు చూస్తూ పెరిగాను. అవి మనింట్లో ఉంటే "పల్లెటూరి సామాను", షోరూములో ఉంటే "నేచురల్". ముసలమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టే బొంతను మనం కాళ్లు తుడుచుకోవడానికి వేశాం. అట్లాంటిదానికే ఉత్తరాది పేరు పెట్టి మంచం మీద పరిచి వేలల్లో అమ్ముతున్నారు, మనమే కొంటున్నాం. ఫైబరుతో పోతపోసిన బుద్ధుడు బాల్కనీ బాల్కనీకీ ఉన్నాడు. రాయిని చెక్కడంలో తరతరాల చేయి తిరిగిన శిల్పులు మా ఆళ్లగడ్డలో ఉన్నారు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లు చేసిన చిన్న దీపపు కుందె ఒకటి మా గుమ్మం పక్కన ఉంది. మూడు ఇళ్లు మారింది, చెక్కు చెదరలేదు, రాయి కదా.

నేను చేసింది చెప్తాను, ఎవరికన్నా పనికొస్తుంది. మొదట బల్బులు మార్చాను. ఓనర్లు పెట్టే తెల్ల ట్యూబులైటు కింద ఎంత మంచి సామానూ ఆసుపత్రి వరండాలాగే ఉంటుంది. హాల్లో పసుపు వెలుగు బల్బులు రెండు పెడితే అదే గది మెత్తబడింది. ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోతా, పాతవి అటక మీద దాచి పెట్టాను. తర్వాత కర్టెన్లు. కట్టకుండా పడున్న నూలు చీర ఐదున్నర మీటర్లుంటుంది. సగానికి కోస్తే తొమ్మిది అడుగులవి రెండొస్తాయి. పైన రాడ్డు దూరడానికి మడత, కింద అంచు మడత పోను తలుపు ఎత్తుకు సరిపోయి, కట్టుకునే పట్టీలకు కూడా గుడ్డ మిగులుతుంది. అంచూ పల్లూ ఉండనే ఉన్నాయి, వేరే డిజైను ఎందుకు. రెండు గోడల మధ్య బిగుసుకుని నిలబడే స్ప్రింగు రాడ్డు కొంటే డ్రిల్లు అవసరం లేదు. నేల మీదకు వరంగల్ జంపఖానా ఒకటి, నుమాయిష్‌లో కొన్నది. నాంపల్లికి వెళ్తే చివరి వారం దాకా ఆగండి, షాపుల వాళ్లు సర్దుకుని పోయే తొందరలో బేరానికి దిగుతారు. స్టీలు డబ్బాలు, బేసిన్లు బేగంబజారులో. అంతే నా డెకరేషను.

మా ఇంట్లో దీనికి కూడా ఎదురుదెబ్బే. "అద్దె కొంపకెందుకే ఇంత సోకు, సొంతిల్లు కట్టుకున్నప్పుడు చేసుకుందువులే." మా అత్త అనదు ఈ మాట, మా ఆయన అంటాడు. పన్నెండేళ్ల నుంచి అంటున్నాడు. ఈ ఊళ్లో ఫ్లాటు రేట్లు మన జీతాల కంటే వేగంగా పరిగెత్తుతున్నాయి. ఆ సొంతిల్లు యాభై ఏళ్లకు వస్తే, నా ముప్పైలూ నలభైలూ ట్యూబులైటు కింద బోసి గోడలు చూస్తూ గడపాలా? మగవాళ్లకు ఇల్లంటే రాత్రి వచ్చి పడుకునే చోటు. ఇంట్లోనే ఉండే నాకు పొద్దున్నుంచి రాత్రిదాకా అదే లోకం. పిల్లలు కూడా గుర్తుపెట్టుకునేది ఈ అద్దె ఇళ్లనే. వాళ్ల చిన్నతనం సొంతిల్లు వచ్చేదాకా ఆగదు.

ఓనరు మీద, మొగుడి మీద కోపం సరే, మన వంతు పని కూడా ఉంది. అగ్రిమెంటు చదవండి. ఇంగ్లీషులో ఉంటే పిల్లల చేత చదివించుకుని అర్థం చెప్పించుకోండి. అడ్వాన్సు ఫోన్‌పేలో పంపండి, చేతికివ్వొద్దు, రుజువుంటుంది. దిగే రోజే ప్రతి గదినీ వీడియో తీసి ఓనరుకే వాట్సాప్ చేయండి. గోడ మీద ముందునుంచీ ఉన్న మరకకు మనం డబ్బు కట్టక్కర్లేదు అప్పుడు. అగ్రిమెంటులో మీ పేరు కూడా రాయించండి, మొగుడి పేరు పక్కన. చిరునామా రుజువుకు పనికొస్తుంది. రేపు ఏదన్నా జరిగితే "నువ్వెవరు ఈ ఇంట్లో" అని ఎవరూ అనకుండా ఉండటానికీ పనికొస్తుంది. మా చిన్నాన్న కూతురికి పాత ఇంటి కాగితం మీద తన పేరు లేదు, ఆ ఇంట్లో అది ఆరేళ్లు ఉన్నట్టు చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. ఇప్పుడు దానికి ఇల్లు దొరికింది. పన్నెండో ఇల్లు. ఓనరు రిటైరైన టీచరు. ఆమె అడిగింది ఒకటే, అద్దె ఏ తారీఖుకు ఇస్తావమ్మా అని. అగ్రిమెంటు దాని పేరు మీదే ఉంది.

మీలో సొంత ఇళ్లున్నవాళ్లు, పైన పోర్షను అద్దెకిచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. మీతోనే నా అసలు గొడవ, ఎందుకంటే మీరు మార్చగలరు. ఇంకోసారి టులెట్ బోర్డు కట్టేటప్పుడు హాల్లో రెండు, బెడ్‌రూమ్‌లో రెండు, పూజ మూలన ఒకటి, మీరే మంచి మేకులు కొట్టించి ఇవ్వండి. డ్రిల్లు కుర్రాడు గంటలో చేసిపోతాడు. ఒక్కదాన్నే వచ్చానని ఎవరన్నా అంటే మొగుణ్ని అడక్కండి, జీతం చీటీ అడగండి.

వచ్చే నెలకు మా పదకొండు నెలలు అయిపోతాయి. కొత్త కాగితంలో నాలుగో షరతు కొట్టేయమని ఓనరుకు చెప్పాను, ఐదు మేకులకు ఒప్పుకోమన్నాను, ఖాళీ చేసే రోజు కన్నాలు నేనే పూడ్చి ఇస్తానన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు. ఇది రాసే సమయానికి ఇంకా చెప్పలేదు. ఈలోగా డ్రిల్లు కుర్రాడి నంబరు రాసి పెట్టుకున్నా.